శతాధిపతినిగూర్చిన రెండు సాక్ష్యములు

చదువవలసిన వాక్యభాగము: లూకా 7:1-10
తోడుగా చదువవలసినవి: 2 సమూయేలు 1:17-27, 3:31-39, అపొస్తలుల కార్యములు 10:1-33



మంచి పేరుగల పోలీసు అధికారి చనిపోయినప్పుడు జరుగు సంతాపసభను మీలో అనేకులు చూచియుందురు. మైదానములో శామియానా వేయుదురు. బల్లమీద పటము పెట్టి పూలమాల వేయుదురు. పై అధికారులు మొదట మాటలాడుదురు. తరువాత తోటి అధికారులు మాటలాడుదురు. ఊరి పెద్దలును రెండు మాటలు చెప్పుదురు. చివరకు ఒక ముసలి హెడ్ కానిస్టేబులు లేచి, చేత కాగితము లేకుండ నాలుగు మాటలు చెప్పి, అయిదవ మాట గొంతులో అడ్డుపడగా కండ్లు తుడుచుకొని కూర్చుండును. సభ ముగిసిన తరువాత మనకు జ్ఞాపకముండునది తరచుగా ఆ ముసలివాని మాటయే.

ఇంటికి నడచిపోవుచు విశ్వాసి తన మనస్సులో రెండు ప్రశ్నలు వేసికొనును. ఆ మంచి మాటలన్నిటికి దేవుని యెదుట ఏపాటి విలువ యున్నది? నేను పోయిన దినమున నాతో పని చేసినవారు నన్నుగూర్చి ఏమి చెప్పుదురు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెదకుటయే ఈ నెల పాఠము.

1. తోటివారి జ్ఞాపకము

హైదరాబాదులో సంజీవరెడ్డినగరు కూడలియొద్ద ఒక పోలీసు అధికారి విగ్రహము కలదు. ఆయన చదలవాడ ఉమేశ్ చంద్ర. గుంటూరు సీమకు చెందిన పెదపూడి గ్రామమున 1966లో పుట్టి, 1991లో ఐ.పి.యస్.లో చేరెను. కడప జిల్లాకును, పిమ్మట కరీంనగరు జిల్లాకును యస్.పి.గా పని చేసెను. ముఠాకక్షలతో నలిగిన కడప జిల్లాలో ఆయన ఒత్తిళ్లకు లొంగని అధికారియని పేరుపొందెను. జనులు ఆయనను కడప పులి అని పిలిచిరి. 1999 సెప్టెంబరు 4వ తేదీన ఆయన కారు ఆ కూడలియొద్ద ఆగియుండగా నక్సలైట్లు ఆయనను కాల్చి చంపిరి. అప్పటికి ఆయన వయస్సు 33 సంవత్సరములు. ఆయనతోకూడ కారు నడుపు డ్రైవరును, ఆయన అంగరక్షకుడును చనిపోయిరి.

ఆ దినములలో జరిగిన పోరాటమునందు ఇరుపక్షములవారి రక్తము ఒలికినది. ఇరుపక్షముల తల్లులును ఏడ్చిరి. దానినిగూర్చి తీర్పు చెప్పుట ఈ పాఠము పనికాదు. మనము గమనింపవలసినది ఇది ఒక్కటే. ఆ కూడలిని దాటిపోవువారు విగ్రహమును చూచి అధికారి పేరు చెప్పుదురు. ఆయనతో చనిపోయిన డ్రైవరు పేరు, అంగరక్షకుని పేరు ఎంతమంది చెప్పగలరు? వారికిని ఇండ్లు కలవు. వారి ఇండ్లలోను ఆ రాత్రి దీపము వెలిగించువారు లేకపోయియుందురు.

అయితే పోలీసువారు తమవారిని మరువలేదు. ప్రతి సంవత్సరము అక్టోబరు 21న దేశమంతట పోలీసు అమరవీరుల సంస్మరణ దినము జరుపుదురు. 1959వ సంవత్సరమున అదే దినమున లడఖులో హాట్ స్ప్రింగ్స్ అను చోట చైనా సైనికుల కాల్పులలో మన పోలీసు జవానులు పదిమంది ప్రాణములు విడిచిరి. వారి జ్ఞాపకార్థమై ఆ దినమును ఏర్పరచిరి. జిల్లా కేంద్రములలో పోలీసు దళములు వరుసగా నిలిచి, తుపాకులను తలక్రిందులుగ పట్టుకొనును. బూర ఊదుదురు. రెండు నిమిషములు మౌనముగా నిలుతురు. గడచిన సంవత్సరములో దేశము నలుమూలల విధినిర్వహణలో చనిపోయినవారి పేర్లు చదువుదురు. అధికారి పేరును, కానిస్టేబులు పేరును ఒకే పట్టికలో చదువుదురు. ఢిల్లీ నగరములో చాణక్యపురి యొద్ద జాతీయ పోలీసు స్మారకమును 2018 అక్టోబరు 21న ప్రారంభించిరి. అక్కడి గోడలమీద 1947 మొదలుకొని చనిపోయినవారి పేర్లు చెక్కియున్నవి. ప్రారంభించు నాటికే ఆ పేర్లు 34 వేలకు మించినవి.

తోటివారు ఇట్లు పేరు పెట్టి జ్ఞాపకము చేసికొనుట మంచి పని. లోకము మరచినవారిని పేరు పెట్టి పిలుచుట మన ప్రభువునకు ఇష్టమైన పని కాదా? మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పేరున ఎరుగునని ఆయనయే చెప్పెను (యోహాను 10:3). ఇప్పుడు పరిశుద్ధ గ్రంథములో ఇతరులు మంచి సాక్ష్యము చెప్పిన ఒక అధికారిని చూతము.

2. కపెర్నహూము అధికారి ఎటువంటివాడు?

శతాధిపతి యనగా నూరుమందికి అధిపతియని అర్థము. వాడుకలో అతని చేతిక్రింద ఎనుబదిమంది మొదలుకొని నూరుమందివరకు సైనికులుండెడివారు. కపెర్నహూము గలిలయ సముద్రపు ఒడ్డుననున్న ఊరు. అక్కడ చేపల వ్యాపారమును, సుంకపు మెట్టును ఉండెను. గలిలయ అప్పుడు హేరోదు అంతిప ఏలుబడిలో నుండెను. ఆ కాలమున పోలీసుశాఖయని వేరుగా లేదు. ఊరిలో శాంతి కాపాడుట, దొంగలను పట్టుట, బందీలను కాచుట ఇవన్నియు సైనికుల పనియే. కాబట్టి నేడు మన తాలూకా కేంద్రములో ఒక ఇన్‌స్పెక్టరు ఎట్లో, నాడు కపెర్నహూములో ఈ శతాధిపతి ఇంచుమించు అట్లు.

సైనికుని చూచిన పేదవానికి ఆ దినములలో భయము కలుగుచుండెను. బాప్తిస్మమిచ్చు యోహాను యొద్దకు సైనికులు వచ్చి మేమేమి చేయవలెనని అడిగినప్పుడు, ఆయన మూడు మాటలు చెప్పెను. బలవంతముగా ఎవరియొద్దను తీసికొనకుడి. అబద్ధపు కేసులు పెట్టకుడి. మీకు వచ్చు జీతముతో తృప్తినొందుడి. ఇది లూకా 3:14లోని మాటల సారము. ఆ మూడు తప్పులు నాడు సాధారణముగా ఉండెను గనుకనే ఆయన అట్లు చెప్పెను. రెండువేల సంవత్సరములు గడచినను ఆ మూడు మాటలు ఏ పోలీసు స్టేషను గోడమీద వ్రాసినను చాలా తగియుండును. నేటికిని మన పేటలలోని అనేకులు న్యాయము తమ పక్షముననున్నను స్టేషను మెట్లు ఎక్కుటకు వెనుకాడుదురు. తోడుగా ఒక పెద్దమనిషి లేనిదే లోపలికి పోరు.

అట్టి కాలమున, అట్టి ఉద్యోగములో, ఈ అధికారి రెండు పనులు చేసెను. తాను ఏలుచున్న జనులను ప్రేమించి, వారికి సమాజమందిరము కట్టించెను. రెండవది, జబ్బుపడిన తన దాసునికొరకు ఆరాటపడెను. నేటికిని కపెర్నహూము శిథిలములలో తెల్లని సున్నపురాతితో కట్టిన ఒక సమాజమందిరము కనబడుచున్నది. అది క్రీస్తు తరువాత నాలుగైదు శతాబ్దములలోనిది. దానిక్రింద నల్లరాతి గోడలు బయటపడినవి. అవి ప్రభువు దినములలోని మందిరపు పునాదులని పండితులలో కొందరు తలంచుచున్నారు. రాళ్ల సంగతి ఎట్లున్నను, ఆ ఊరి పెద్దలు చెప్పిన మాట లూకా సువార్తలో చెక్కుచెదరకుండ నిలిచియున్నది.

ఇక్కడ ఒక వింత యున్నది. లూకా వ్రాసిన ఈ భాగములో ఆ అధికారి మన కంటికి కనబడడు. అతని పేరు మనకు తెలియదు. అతని ముఖము మనము చూడము. అతనినిగూర్చి మాటలాడుటకు మొదట యూదుల పెద్దలు వచ్చిరి. పిమ్మట అతని స్నేహితులు వచ్చిరి. సంతాపసభలో చనిపోయినవాడు మాటలాడక ఇతరులు మాటలాడునట్లే, ఇక్కడను ఇతరులే మాటలాడుదురు. ఆ రెండు గుంపులు తెచ్చిన సాక్ష్యములు ఒకదానికొకటి ఎదురుగానున్నవి. పెద్దలు అతడు యోగ్యుడనిరి. స్నేహితులు తెచ్చిన అతని స్వంత మాటయో, తాను యోగ్యుడు కానని చెప్పెను. రెండును నిజమే. ఆ రెండిటిని ఒక్కొక్కటిగా చూతము.

3. మొదటి సాక్ష్యము: అతడు యోగ్యుడు

ఈ సాక్ష్యము చెప్పినవారెవరు? ఏలబడుచున్న జనుల పెద్దలు. అధికారిని పై అధికారి మెచ్చుకొనుట సులభము. అది కాగితముమీద జరుగును. చేతిక్రిందివారును, అధికారమునకు భయపడవలసినవారును మెచ్చుకొనుట కష్టము. వారికి అతని కోపము తెలియును, విసుగు తెలియును, ఎవరును చూడనప్పుడు అతడు చేయుపని తెలియును.

కైసరయలోని కొర్నేలిని చూడుడి. అతడును శతాధిపతియే. పేతురును పిలుచుకొని వచ్చుటకు అతడు ముగ్గురిని పంపెను. వారిలో ఇద్దరు ఇంటి పనివారు. ఒకడు అతనియొద్ద ఎల్లప్పుడు ఉండు భక్తిపరుడైన సైనికుడు. ఈ ముగ్గురును తమ యజమాని నీతిమంతుడనియు, దేవునియందు భయముగలవాడనియు, యూదులందరు అతనిని మంచివాడని చెప్పుకొందురనియు పేతురుతో చెప్పిరి. అతని ఇల్లు, అతని దళము, అతడు ఏలు జనము ఈ మూడును ఒకే మాట పలికినవి. ఇంటిలో పులియై, కచేరీలో పిల్లియైనవాడు కలడు. కచేరీలో దొరయై, వీధిలో దొంగయైనవాడును కలడు. మూడు చోట్లను ఒకే మనిషిగా నుండుట అరుదు. కొర్నేలి అట్లుండెను.

అధికారి కారు నడుపు డ్రైవరును అడిగిన, ఆ అధికారి ఎటువంటివాడో తెలియును. రాత్రి పహరా కాయు జవానును అడిగిన తెలియును. పండుగనాడు సెలవు అడిగిన కానిస్టేబులుతో అతడు ఎట్లు మాటలాడెనో, తప్పు జరిగినప్పుడు ఆ నిందను తన తలమీద వేసికొనెనో, చిన్నవానిమీదికి నెట్టెనో, అవి వారికి తెలియును. కపెర్నహూము అధికారి గొప్పతనము అతడు కట్టించిన మందిరములో కంటె అతని దాసుని మంచమునొద్ద ఎక్కువగా కనబడుచున్నది. మందిరము కట్టించిన వానికి పేరు వచ్చును. చావబోవు దాసుని కాపాడుటకు పరుగులెత్తువానికి ఏమి వచ్చును? దాసుడు చనిపోయిన మరియొకని కొనుక్కొనుట ఆ లోకపు ఆచారము. ఇతడట్లు తలంపలేదు.

పెద్దల మాటలోనున్న ఒక లోపమును కూడ గమనింపవలెను. అతడు యోగ్యుడని చెప్పుటకు వారు చూపిన కారణము తమకు మందిరము కట్టించెనన్నదే. దాసుని సంగతి వారు ఎత్తలేదు. మనుష్యుల మెప్పు ఇట్లే యుండును. మనకు మేలు చేసినవాడే మనకు మంచివాడు. మన కేసు గెలిపించిన అధికారి దేవుడు. పొరుగువానికి న్యాయము చేసిన అధికారి పక్షపాతి. కావున మనుష్యుల సాక్ష్యము విలువగలదే గాని, పూర్తి కొలబద్ద కాదు.

4. దావీదు నేర్పిన సంతాపము

చనిపోయినవారినిగూర్చి ఎట్లు మాటలాడవలెనో దావీదునొద్ద నేర్చుకొనవచ్చును. సౌలు గిల్బోవ కొండమీద పడిపోయెనని విన్నప్పుడు దావీదు విలపించి ఒక ప్రలాపము కట్టెను. సౌలు దావీదును చంపుటకు ఈటె విసరినవాడు. కొండలలో గుహలలో తరిమినవాడు. ఆ సంగతులలో ఒక్కటియైన దావీదు ఆ ప్రలాపములో చెప్పలేదు. సౌలు బలమునుగూర్చి చెప్పెను. అతడు ఇశ్రాయేలు స్త్రీలకు మంచి వస్త్రములు కలుగునట్లు చేసెనని చెప్పెను. యోనాతాను స్నేహమును తలంచి ఏడ్చెను. అయితే ఆ ప్రలాపమును మరల మెల్లగా చదువుడి. సౌలు దేవుని మాట విన్నవాడని గాని, భక్తిపరుడని గాని దావీదు ఎక్కడను చెప్పలేదు. పగను దాచెను గాని అబద్ధము కల్పించలేదు. నిజములో మేలైన భాగమును ఎంచుకొని చెప్పెను.

సేనాధిపతియైన అబ్నేరు సంగతి ఇంకను స్పష్టము. అబ్నేరు చాలకాలము ఎదుటి పక్షపువాడు. అతడు సమాధానపడుటకు వచ్చి తిరిగిపోవుచుండగా, యోవాబు అతనిని హెబ్రోను గుమ్మమునొద్దకు ప్రక్కకు పిలిచి, మోసముచేసి పొడిచి చంపెను. యోవాబు దావీదుయొక్క స్వంత సేనాధిపతి. అయినను దావీదు ఆ హత్యను కప్పిపుచ్చలేదు. తాను రాజైయుండియు పాడె వెనుక నడచెను. సమాధియొద్ద గట్టిగా ఏడ్చెను. సూర్యుడు అస్తమించువరకు భోజనము ముట్టలేదు. ఇశ్రాయేలులో నేడు ఒక గొప్పవాడు పడిపోయెనని తన సేవకులతో చెప్పెను. మన పక్షమువాడు చేసెనన్న కారణముచేత చెడుతనము మంచితనము కాదు. మన పక్షమువాడు కాడన్న కారణముచేత మంచివాని మంచితనము దాచబడకూడదు.

మన సంఘములలో కొందరికి ఇక్కడ ఒక సందేహము కలుగును. చనిపోయిన అధికారి మన విశ్వాసములోనివాడు కానప్పుడు ఆ సభకు పోవచ్చునా? పోయిన ఏమి చెప్పవలెను? ఎవరిని సన్మానింపవలెనో వారిని సన్మానించుటయు ఒక ఋణమే యని పౌలు రోమీయులకు వ్రాసెను (రోమా 13:7). కావున పోవలెను. దుఃఖించు ఇంటివారితో దుఃఖింపవలెను. మౌనముగా నిలుచుటయందు తప్పులేదు. మాటలాడవలసివచ్చిన, దావీదువలె నిజము చెప్పవలెను, మేలైన నిజము చెప్పవలెను. చనిపోయినవారికి ప్రార్థన చేయుటయు, పటమునకు పూజ చేయుటయు మన విశ్వాసము కాదు. గౌరవించుట వేరు, పూజించుట వేరు. ఆ తేడాను మనము మర్యాదతో పాటించిన ఎవరును నొచ్చుకొనరు.

5. రెండవ సాక్ష్యము: నేను యోగ్యుడను కాను

యేసు ఆ ఇంటికి సమీపించుచుండగా అధికారి తన స్నేహితులను ఎదురుగా పంపెను. అతడు పంపిన కబురు ఇది: ప్రభువా, శ్రమపడవద్దు, నీవు నా కప్పుక్రిందికి వచ్చుటకు నేను తగినవాడను కాను, ఒక్కమాట చెప్పుము, నా దాసుడు బాగుపడును. ఊరంతయు ఎవనిని యోగ్యుడని చెప్పుచుండెనో, వాడే తాను యోగ్యుడు కానని చెప్పుచున్నాడు. ఇది పైకి చూపు వినయము కాదు. ఊరివారు అతనిని తమ ప్రక్కన నిలువబెట్టి కొలిచిరి. అతడు తన్ను యేసు ప్రక్కన నిలువబెట్టుకొని కొలిచెను. కొలబద్ద మారినది, కాబట్టి లెక్కయు మారినది.

ఈ విశ్వాసము అతనికి ఎక్కడ కలిగెను? తన ఉద్యోగములోనే కలిగెను. తాను పై అధికారమునకు లోబడినవాడననియు, తన క్రిందివారు తన మాటకు లోబడుదురనియు అతడు చెప్పెను. పొమ్మనిన పోవును, రమ్మనిన వచ్చును. తన నోటి మాటకు బలము ఎక్కడనుండి వచ్చుచున్నదో అతడెరుగును. ఆ బలము తనది కాదు, పైనుండి ఇయ్యబడినది. చొక్కా మీది నక్షత్రములు విప్పి మేకునకు తగిలించిన తరువాత అధికారియు మనవంటి మనుష్యుడే. దానిని ఎరిగినవాడు గనుక, రోగమును మరణమును యేసు మాటకు లోబడునని అతడు సులభముగా నమ్మగలిగెను. తన అధికారము అరువు తెచ్చుకొన్నదని ఎరిగినవాడు ఇతరులమీద దొరతనము చేయడు. అది తన సొంతమనుకొనువాడే లాఠీని న్యాయమనుకొనును.

యేసు ఆ మాట విని ఆశ్చర్యపడెను. ప్రభువు ఆశ్చర్యపడెనని సువార్తలలో రెండు సందర్భములలోనే చెప్పబడియున్నది. తన స్వంత ఊరివారి అవిశ్వాసమునకు ఒకసారి (మార్కు 6:6). ఈ అన్యుడైన అధికారి విశ్వాసమునకు మరియొకసారి. మందిరము కట్టించినందుకు ఆయన ఆశ్చర్యపడలేదు. విశ్వాసమునకు ఆశ్చర్యపడెను.

ఇందునుబట్టి మొదటి ప్రశ్నకు జవాబు దొరకుచున్నది. మంచి పేరు మంచిదే. దేవుడు దానిని తృణీకరింపడు. కొర్నేలి ప్రార్థనలును ధర్మకార్యములును దేవుని సన్నిధికి చేరినవని దూతయే చెప్పెను. అయినను అంతటితో సరిపోయెనని దూత చెప్పలేదు. యొప్పేకు మనుష్యులను పంపి పేతురును పిలిపించుమని చెప్పెను. రక్షణ కలుగు మాటలు అతడు వినవలసియుండెను (అపొ. కార్య. 11:14). ముగ్గురు మంచి సాక్షులున్న కొర్నేలికే సువార్త అవసరమైన యెడల, మనకు అవసరము లేదా? మన సంతాపసభలో పదిమంది మాటలాడినను, ఆ పది మాటలను పట్టుకొని దేవుని సన్నిధికి పోలేము. అక్కడ మన చేతిలో నుండవలసినది కపెర్నహూము అధికారి మాటయే: ప్రభువా, నేను యోగ్యుడను కాను, నీవు ఒక్కమాట చెప్పుము.

అట్లయిన మన మధ్యనుండి పోయిన ఆ మంచి అధికారి సంగతి ఏమి, అతడు సువార్త వినెనో లేదో, నమ్మెనో లేదో అని మీరు అడుగుదురు. ప్రియులారా, ఈ ప్రశ్నకు తీర్పు చెప్పు కుర్చీ మనది కాదు. సర్వలోకమునకు న్యాయము తీర్చువాడు న్యాయము తప్పడని అబ్రాహాము నమ్మెను (ఆదికాండము 18:25). ఆ నమ్మకముతో మనము ఊరకుండవలెను. పాడె ప్రక్కన నిలిచి నరకమునుగూర్చి మాటలాడి విధవరాలి గుండెను మరల పగులగొట్టువాడు ప్రభువు సేవకుడు కాడు. ప్రభువు ఇయ్యని మాటను తానే కల్పించి భరోసా చెప్పువాడును నమ్మకమైన సేవకుడు కాడు. చనిపోయినవారిని దేవుని చేతికి అప్పగింపుడి. బ్రదికియున్నవారికి సువార్త చెప్పుడి.

6. పెద్దలు చేసిన మేలైన పని

పెద్దలు ఆ అధికారినిగూర్చి చెప్పిన మంచి మాట ఎప్పుడు చెప్పిరి? ఎవరితో చెప్పిరి? అతడు చనిపోయిన తరువాత చెప్పలేదు. అతడు బ్రదికియుండగానే చెప్పిరి. విగ్రహము ఎదుట చెప్పలేదు. యేసు ఎదుట చెప్పిరి. అతనికి కష్టము వచ్చినప్పుడు యేసు నొద్దకు పోయి, అతనికి సహాయము చేయుమని ఆసక్తితో వేడుకొనిరి. వారి పొగడ్తయే ప్రార్థనగా మారెను. వారి కారణములో లోపమున్నను వారు పోయిన చోటు సరియైనది.

మనమో, అధికారి బ్రదికియున్నంతకాలము అరుగుమీద కూర్చుండి అతనిని తిట్టుదుము. అతడు చనిపోయిన దినమున మాల తెచ్చెదము. మన మండలపు యస్.ఐ. పేరు పట్టి మన ఆదివారపు ఆరాధనలో ఎన్నిమారులు ప్రార్థన జరిగినది? అధికారులకొరకు విజ్ఞాపన చేయుమని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 2:1-2). అధికారులందరు మంచివారని ఆయన వ్రాయలేదు. ఆ కాలపు చక్రవర్తి మంచివాడు కాడు. మంచి అధికారికి నిలుచు బలము కావలెను. చెడ్డ అధికారికి మారు మనస్సు కావలెను. ఇద్దరికిని ప్రార్థన కావలెను.

మన సంఘములోనే పోలీసు ఉద్యోగమందున్న బిడ్డలు కలరు. హోంగార్డులు కలరు. క్రిస్మస్ రాత్రి మనము దీపములు వెలిగించుకొని పాడుచుండగా వారు కూడళ్లలో చలిలో నిలిచియుందురు. వారి భార్యలు పిల్లలతో ఒంటరిగా గుడికి వత్తురు. ఆ ఇండ్లను దర్శింపుడి. విధిలో చనిపోయిన జవాను విధవరాలు మన పేటలో నున్నయెడల, అక్టోబరు 21న ఒక్క దినము కాక, పింఛను కాగితములకొరకు ఆమె కచేరీల చుట్టు తిరుగు దినములన్నిటను ఆమెకు తోడుగా పోవుడి.

రెండవ ప్రశ్నను మరువవద్దు. చేతిక్రింద ఒక్కరైన ఉన్న ప్రతివాడును ఒక శతాధిపతియే. పొలములో కూలీలను పిలుచు మేస్త్రి, బడిలో ఉపాధ్యాయుడు, రేషను దుకాణము నడుపువాడు, పొదుపుసంఘమునకు నాయకురాలు, సంఘ పెద్ద, పాదిరి, ఇంటిలో కోడలికి అత్త, వీరందరు తమ క్రిందివారు ఏమి చెప్పుదురో ఆలోచించుకొనవలెను. ఆ మాటలు సంతాపసభనాడు పుట్టవు. నేటి ఉదయము మనము పలికిన పలుకులోనే అవి పుట్టుచున్నవి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యోహాను సైనికులకు చెప్పిన మూడు మాటలు మన మన పనులకు ఎట్లు వర్తించును?
2. మన ఇల్లు, మన పనిచోటు, మన ఊరు ఈ మూడును మనలనుగూర్చి ఒకే సాక్ష్యము చెప్పునా?
3. సౌలునుగూర్చిన ప్రలాపములో దావీదు చెప్పినవి ఏవి? చెప్పక విడిచినవి ఏవి?
4. కపెర్నహూము అధికారికి తన ఉద్యోగము విశ్వాసమును ఎట్లు నేర్పెను? మన పని మనకు ఏమి నేర్పుచున్నది?
5. ఈ నెలలో మన సంఘము ఏ అధికారికొరకు, ఏ పోలీసు కుటుంబముకొరకు పేరు పట్టి ప్రార్థింపవలెను?

ప్రార్థన

ప్రభువా, అధికారము నీది. మాలో ఎవరిచేతనైన దానిని కొంచెము పెట్టితివేని, అది నీదని మరువకుండ కాపాడుము. మా క్రిందివారు మావలన కన్నీరు కార్చకుందురు గాక. మా ప్రాంతమును కాయుచున్న అధికారులను జవానులను నీవు కాయుము; వారి చేతులను లంచమునుండియు, వారి నోళ్లను అబద్ధమునుండియు, వారి ప్రాణములను ఆపదనుండియు తప్పింపుము. తమవారిని పోగొట్టుకొన్న ఇండ్లను ఓదార్చుము. మనుష్యులు మమ్మును మంచివారనినను, నీ యెదుట మేము యోగ్యులము కాము. ఒక్కమాట చెప్పుము, మేము బ్రదుకుదుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.